బ్యాండ్ మానేసి సోలో పియానోకి వెళ్లిపోనా అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్లు. ఆరేళ్లప్పుడు పియానో మొదలుపెట్టా, అమ్మ పక్కన కూర్చుని ప్రాక్టీస్ చేయించేది, పియానో పరీక్షల్లో ఎనిమిది గ్రేడ్‌లూ పాసయ్యా. కాలేజీలో ఉండగా కొన్నేళ్లు అసలు ముట్టుకోలేదు. తర్వాత ఒక బ్యాండ్‌లో కీబోర్డ్, సింగర్స్ పక్కన పియానో, సాయంత్రాలు పిల్లలకి క్లాసులు, వీటి మీదే బతుకుతున్నా. సోలో పియానిస్ట్ అవ్వాలని చిన్నప్పటి నుంచీ ఉంది. ఈమధ్య ఒక చిన్న హాల్లో ఒక్కదాన్నే వాయించే అవకాశం వచ్చింది, పది నిమిషాలు అయ్యేసరికి అన్నీ ఒకేలా వినిపించడం మొదలైంది, ఏదోలా ముగించి దిగిపోయా. నాకు లేటయిపోయిందా? వచ్చే నెల నుంచి బ్యాండ్‌కి రానని చెప్పేద్దామనుకుంటున్నా, చెప్పెయ్యనా? వాయిస్తే క్లాసికల్ వాయించాలా, సొంతంగా చేసుకున్నవా? అమ్మయితే ఇంత నేర్పించింది ఎవరి వెనకో కూర్చుని వాయించడానికా అంటోంది. ఇంకోటి, ప్రాక్టీస్ పెంచాక కుడి మణికట్టు లాగుతోంది, అది మామూలేనా?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ముందు బ్యాండ్ సంగతి తేల్చేద్దాం, మిగతావన్నీ నిదానంగా ఆలోచించుకోవచ్చు గానీ రానని ఒకసారి చెప్పేశాక ఆ మాట వెనక్కి తీసుకోవడం కష్టం. చెప్పకు. జనాన్ని గంటసేపు ఒక్కదానివే కూర్చోబెట్టగల ప్రోగ్రాం నీ దగ్గర ఇంకా లేదు, పది నిమిషాలకే సరుకు అయిపోయిందని నువ్వే రాశావు. ఆ గంట తయారయ్యేదాకా బ్యాండూ క్లాసులూ నడవనీ. అసలు పని ఆ గంటే, మానెయ్యడమూ పేరూ కెరీరూ అన్నీ దాని తర్వాత వచ్చేవి.

లేటయిందా అంటే, ఒక దారి నీకు మూసుకుపోయినట్టే, అది దాచిపెడితే నీకు మేలు చేసినట్టు కాదు. పెద్ద అంతర్జాతీయ పోటీలు ఉన్నాయి కదా, పియానోకి సంగీతం రాసిన షోపాన్ పేరుతో పోలండ్‌లోని వార్సాలో ఐదేళ్లకోసారి జరిగే కాంపిటీషన్ లాంటివి, వాటి వయసు పరిమితి సాధారణంగా 30 దగ్గర్లో ఉంటుంది. అక్కడ గెలిచి ఆ పేరుతో కచేరీలూ రికార్డింగులూ తెచ్చుకోవడం పదేళ్ల వయసు నుంచీ దానికోసమే రోజంతా వాయించిన పిల్లల పద్ధతి. అది పోయిందని ఏడవకు, నీ ఉత్తరంలో ఎక్కడా నీకు ఆ పోటీల మీద ఆశ ఉన్నట్టు కూడా కనిపించలేదు నాకు.

రిక్టర్ గురించి నీకు తెలుసో లేదో. స్వియటొస్లావ్ రిక్టర్, 1915లో పుట్టాడు, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పియానిస్టుల పేర్లు ఎవరు చెప్పినా ఆయన పేరు ఉంటుంది. ఆయనకి చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న మొదటి పాఠాలు తప్ప పద్ధతిగా చదువు లేదు, చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. పదిహేనేళ్లప్పటికే ఒడెస్సా ఒపేరాలో సింగర్స్ రిహార్సల్స్‌కి పియానో వాయించే ఉద్యోగం, అంటే నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే. మొదటి సోలో కచేరీ 1934లో, దాదాపు 19 ఏళ్లకి. అది చేశాక కూడా మాస్కోలో న్యూహాస్ అనే పేరున్న పియానో గురువు దగ్గర శిష్యుడిగా చేరడానికి 22 ఏళ్లు వచ్చాయి. అమెరికాలో మొదటిసారి వాయించేసరికి 1960, అప్పటికి 45 ఏళ్లు. ఆయన మహా ప్రతిభావంతుడు, ఆయనతో మనల్ని పోల్చుకోమని చెప్పట్లేదు నేను. ఒపేరాలో పాడేవాళ్ల ఊపిరి వింటూ వాయించిన ఆ ఏళ్లు ఆయనకి నష్టం చెయ్యలేదు, అదొక్కటి చూడు చాలు.

అమెరికన్ జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్ సంగతి ఇంకా నీకు దగ్గరగా ఉంటుంది. మూడేళ్లకే పియానో మొదలుపెట్టినవాడు, పెద్దయ్యాక పెద్ద జాజ్ బ్యాండుల్లో, ఆర్ట్ బ్లేకీ దగ్గర, తర్వాత చార్లెస్ లాయిడ్ దగ్గర, తర్వాత మైల్స్ డేవిస్ గ్రూపులో పనిచేశాడు, మైల్స్ దగ్గరైతే ఎలక్ట్రిక్ కీబోర్డులే. అక్కడి నుంచి బయటికొచ్చిన కొద్ది ఏళ్లకే, 1975 జనవరి 24న, జర్మనీలో కొలోన్‌లో ఒక్కడే కూర్చుని ముందు అనుకున్నదేమీ లేకుండా గంటకి పైగా వాయించాడు, అప్పటికి ఆయనకి 29. ఆ రాత్రి స్టేజీ మీద పెట్టింది అడిగిన పెద్ద గ్రాండ్ పియానో కాదు, చిన్నది, కింద బేస్ పలకదు, పైన స్వరాలు పల్చగా ఉన్నాయి. దాంతో ఎక్కువసేపు మధ్యభాగంలోనే ఉండి ఎడమచేత్తో ఒకే నడకని మళ్లీ మళ్లీ వాయిస్తూ దాని మీద కట్టుకుంటూ పోయాడు. ఆ రికార్డింగ్ సోలో పియానోలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన వాటిలో ఒకటి. నాకు దాంట్లో పియానో బాగోకపోవడం కన్నా ఎడమచేయి ముఖ్యం అనిపిస్తుంది. బ్యాండుల్లో అన్నేళ్లు తాళం ఒంటికి పట్టించుకున్న మనిషి కాబట్టే ఆ ఎడమచెయ్యి అంతసేపు నిలబడింది.

ఇక నీ పది నిమిషాల సంగతి. నువ్వు దాన్ని టాలెంట్ లేకపోవడం అనుకుంటున్నావు, నాకైతే అది పూర్తిగా ఎడమచేతి సమస్యలా కనిపిస్తోంది. బ్యాండ్‌లో బేస్ గిటార్ ఉంటుంది, డ్రమ్స్ ఉంటాయి, అందుకని కీబోర్డ్ వాయించేవాళ్లు ఏళ్ల తరబడి కింది రెండు ఆక్టేవ్‌ల (సా నుంచి పై సా దాకా ఒక ఆక్టేవ్) జోలికే వెళ్లరు, వెళ్తే బేస్ వాయించేవాడికి అడ్డం. ఎడమచేయి మధ్యలో ఒక కార్డ్, అంటే కలిపి నొక్కే మూడునాలుగు స్వరాలు, పట్టుకుని కూర్చుంటుంది, కుడిచేయి దాని పైన తిరుగుతుంది, 88 కీస్ ఉన్నా పనంతా మధ్యలో కొద్ది చోటులోనే జరిగిపోతుంది. సింగర్ పక్కన వాయించేటప్పుడు ఇంకా తగ్గుతాం, గొంతుకి అడ్డం రాకూడదు కదా. ఈ అలవాటుతోనే ఒంటరిగా కూర్చుంటే కింద బేస్ లేదు, తాళం లేదు, పాట లేదు, మధ్యలో నింపడానికి వాయించే ముక్క ఒక్కటే మిగిలింది. వినేవాళ్లకి పది నిమిషాలకే తెలిసిపోతుంది, వాళ్లకన్నా ముందు నీకే తెలిసిపోయింది.

దీనికి మందు ఉంది, టైమ్ పడుతుంది అంతే. నీకు నిద్రలో లేపినా వచ్చే పాట ఒకటి తీసుకో, కుడిచేయి ఒళ్లో పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా ఎడమచేత్తో మాత్రమే వాయించు, బేసూ కార్డూ తాళమూ మూడూ ఆ ఒక్క చేతిలోంచే రావాలి. బేస్ స్వరం కింద కొట్టి కాలి కింది పెడల్‌తో దాన్ని పట్టి ఉంచి చేతిని పైకి తెచ్చి కార్డ్ వెయ్యడం, కిందికి వెళ్లే కొద్దీ స్వరాల మధ్య ఖాళీ పెంచుకోవడం, ఈ రెండూ ముందు కుదరాలి. పియానో కింది భాగంలో మూడు స్వరాలు దగ్గరగా నొక్కితే వాటి ఓవర్‌టోన్స్, అంటే ప్రతి స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు, ఒకదానితో ఒకటి కొట్టుకుని గజిబిజిగా వినిపిస్తుంది, అదే పదో స్వరం దూరం ఇస్తే స్పష్టంగా విడిపోతుంది. చేయి చాలకపోతే స్వరాలు ఒకదాని తర్వాత ఒకటిగా విడగొట్టి వాయించు, తప్పేం లేదు. అది వచ్చాక అదే పాటని ఎడమచేతి బొటనవేలితో రాగం పట్టించి కుడిచేత్తో పైన పల్చగా వాయించి చూడు. ఆ తర్వాత పెడల్ మొత్తం తీసేసి ఒకసారి. ఆ తర్వాత సగం స్వరాలు వదిలేసి ఒకసారి. ఒక్క పాట మీద నెల పట్టినా పట్టనీ, పది పాటలు పైపైన చేసినదానికన్నా నయం. బాఖ్ తన కొడుక్కి నేర్పడానికి రాసిన రెండు గొంతుల చిన్న పీస్‌లు 15 ఉన్నాయి చూడు, గ్రేడ్‌లలో ఒకటో రెండో చేసే ఉంటావు, అవి మళ్లీ తియ్యి, రెండు చేతులకీ సమానంగా పని చెప్పేవి వాటికన్నా మంచివి నాకు తెలీదు.

చిన్నప్పటి చదువు గురించి ఒక మాట. ఆరేళ్లకి మొదలుపెట్టినందువల్ల నీకు వచ్చినవి చాలా గట్టివి, చేతి పొందిక, నోట్స్ చూడగానే వాయించగలగడం, చెవి, ఇవి ముప్ఫై దాటి మొదలుపెట్టినవాళ్లకి ఎంత కష్టపడితే వస్తాయో క్లాసులు చెప్తున్నావు కాబట్టి నీకే తెలుసు. కాలేజీలో మానేసిన ఏళ్లు కూడా వాటిని చెరపలేదు. కానీ గ్రేడ్ పద్ధతి ఇంకోటి కూడా నేర్పిస్తుంది. సిలబస్ ఎవరో ఇస్తారు, అందులోంచి కొన్ని పీస్‌లు ఏరుకుని నెలల తరబడి రుద్దుతాం, ఎవరో మార్కులు వేస్తారు. తర్వాత బ్యాండ్‌లో సెట్ లిస్ట్ ఎవరో ఇస్తారు, సింగర్ స్కేల్ చెప్తుంది, పెద్దవాళ్లయ్యాక కూడా ఏం వాయించాలో నిర్ణయించే పని మన మీద పడదు. క్లాసికల్ వాయించాలా సొంతవా అని నన్ను అడగడంలో కూడా నాకు అదే వినిపించింది, కోప్పడకు. నేను సిలబస్ ఇవ్వను. ఒక చిన్న పని మాత్రం చెయ్యి, ఎవరూ వినకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా నువ్వు మళ్లీ మళ్లీ వాయించుకునేవి ఏవో ఒక వారం గమనించి రాసుకో. క్లాసులు అయిపోయాక పిల్లలు వెళ్లిపోయాక చేతులు వాటంతట అవి దేని మీదకి వెళ్తున్నాయో అది. ఆ లిస్ట్‌లో షోపాన్ ఉంటే షోపాన్, సినిమా పాట ఉంటే సినిమా పాట, నువ్వు కట్టుకున్న పేరు లేని ముక్కలుంటే అవి. మూడూ కలిసి ఉన్నా ఫర్వాలేదు, ఒకే మనిషి వాయిస్తే అవి కలుస్తాయి.

అసలు ఒక్కరే కూర్చుని కచేరీ మొత్తం వాయించడం అనేది కూడా అనాదిగా ఉన్నది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పియానిస్ట్ లిజ్ట్ ముందు దాకా కచేరీ అంటే కాసేపు సింగర్, కాసేపు ఆర్కెస్ట్రా, మధ్యలో పియానో, అలా కలగాపులగంగా ఉండేది. ఆయన 1839 ప్రాంతంలో ఒక్కడే మొత్తం వాయించడం మొదలుపెట్టి, 1840లో లండన్‌లో దానికి రిసైటల్స్ అని పేరు పెడితే జనం వింతగా చూశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇంతమంది చేసే పనిని ఒక్కరు చెయ్యాలంటే ఆ రకరకాల రంగులన్నీ ప్రోగ్రాంలోనే పెట్టాలి, లేకపోతే ఒకే గొంతుతో గంటసేపు మాట్లాడే మనిషి దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. నీ హాల్ ప్రోగ్రాంలో వాయించినవి కాగితం మీద రాసి ప్రతి దాని పక్కనా స్కేల్ ఏంటి, తాళం ఏంటి, ఎంత స్పీడు, పియానోలో ఏ భాగం, ఎంత గట్టిగా అని రాయి. నా అంచనా, ముప్పావు వంతు ఒకే మధ్యస్తం స్పీడులో, నాలుగు లెక్కలో, దగ్గరదగ్గర స్కేల్స్‌లో, మొదటి నుంచి చివరిదాకా పెడల్ మీద కాలు వేసి వాయించినవే అయ్యుంటాయి. వరస మార్చడంతోనే సగం బాగుపడుతుంది. మూడు లెక్కది ఒకటి, పెడల్ లేకుండా పొడిగా వాయించేది ఒకటి, పూర్తిగా కింది భాగంలోనే ఉండేది ఒకటి, రెండు నిమిషాల్లో అయిపోయేది ఒకటి, ఇవి మధ్యమధ్యలో పెట్టు. మొదటిది మాత్రం చేతులు చల్లగా ఉన్నా, వణుకుతున్నా కూడా వచ్చేసేది అయ్యుండాలి, కష్టమైనదాంతో మొదలుపెట్టి నిరూపించుకోవాలని చూడకు.

ఇంట్లో కీబోర్డ్ మీదే ప్రాక్టీస్ చేస్తున్నావేమో, ఉత్తరంలో రాయలేదు. అలా అయితే కనీసం వారానికి ఒకసారి నిజం పియానో ఎక్కడైనా దొరికేలా చూసుకో, నువ్వు క్లాసులు చెప్పే చోట ఉంటే పిల్లలు రాకముందు ఒక గంట అడుగు. పియానోలో పెడల్ నొక్కితే తీగల మోత ఆపే డ్యాంపర్లన్నీ లేచి రెండు వందలకి పైగా తీగలు ఒకదానికొకటి ప్రతిధ్వనిస్తాయి, పెడల్‌ని సగం నొక్కితే ఒకలా, పావు నొక్కితే ఇంకోలా, అది స్విచ్ లాగా వేసి తీసేది కాదు. సోలోలో సగం అందం అక్కడే ఉంటుంది. పైగా మనం వయొలిన్ వాళ్లలా మన వాద్యం మోసుకెళ్లలేం, వెళ్లిన చోట ఏది ఉంటే అదే, పెద్ద కచేరీ గ్రాండ్ పొడవు రెండుమ్ముప్పావు మీటర్ల దాకా, బరువు ఐదొందల కిలోల దగ్గర, ఎవరు తెస్తారు. కాబట్టి వెళ్లగానే మొదటి పావుగంట పీస్‌లు వాయించకుండా ఆ పియానో ఎక్కడ బాగా పలుకుతుందో, ఎక్కడ కీ అతుక్కుంటోందో, పెడల్ ఎంత లోతులో పట్టుకుంటోందో మాత్రమే చూసుకోవడం అలవాటు చేసుకో. కూర్చునే బల్ల ఎత్తు కూడా, మోచేతులు కీస్ మట్టానికి వచ్చేలా.

చూడకుండానే వాయించాలా అనే భయం చాలామందికి ఉంటుంది కాబట్టి అదీ చెప్తా. తొమ్మిదేళ్లకే జర్మనీలో లైప్‌జిగ్‌లో స్టేజీ ఎక్కిన పంతొమ్మిదో శతాబ్దపు పియానిస్ట్ క్లారా షూమన్, నోట్స్ లేకుండా జనం ముందు వాయించడం మొదలుపెట్టిన తొలితరం వాళ్లలో ఒకరు, అప్పట్లో దాన్ని కొందరు పొగరు అన్నారు, తర్వాత అదే రూల్ అయి కూర్చుంది. రిక్టరేమో చివరి ఏళ్లలో హాల్లో లైట్లు తగ్గించి నోట్స్ మీద ఒక్క చిన్న దీపం పెట్టుకుని చూసే వాయించేవాడు. నీకు ఏది ధైర్యంగా ఉంటే అది. చూడకుండా వాయించేదానికి మాత్రం మొదటి నుంచి చివరికి ఒకే గుక్కలో రావడం చాలదు, ప్రతి పీస్‌లో నాలుగైదు చోట్లు పెట్టుకుని ఎక్కడి నుంచి అడిగినా ఎత్తుకునేలా ఉండాలి, స్టేజీ మీద చెయ్యి తడబడినప్పుడు దూకడానికి అవే.

మొదట ముప్ఫై నిమిషాలు చాలు. అది ఫోన్‌లో రికార్డ్ చెయ్యి, ఆ రోజు వినకు, మర్నాడు విను. బ్రెండెల్ అనే పేరున్న పియానిస్ట్‌కి పదహారేళ్ల తర్వాత రెగ్యులర్‌గా టీచర్ లేరు, తనని తాను రికార్డ్ చేసుకుని వినడం ఆయన చదువులో పెద్ద భాగం, మనకి ఆ పరికరం జేబులోనే ఉంది. ఆ ముప్ఫై నిమిషాలనే స్నేహితుల ఇంట్లో, నీ స్టూడెంట్ల తల్లిదండ్రుల ముందు, పియానో ఉన్న ఏ చిన్న హాల్లో అయినా, మార్చకుండా మళ్లీ మళ్లీ వాయించు. ఒకే ప్రోగ్రాం జనం మారితే ఎంత మారుతుందో, ఏ చోట కదులుతారో, ఏ చోట దగ్గుతారో, ఇది ఇంట్లో ఎంత ప్రాక్టీస్ చేసినా రాదు. గంటకి ఆ తర్వాత వెళ్దువు గాని.

డబ్బు విషయంలో ఒకటే చెప్తాను. షోపాన్ అంతటివాడు జీవితం మొత్తం మీద జనంలో వాయించిన కచేరీలు చాలా తక్కువ, పారిస్‌లో బతికింది ముఖ్యంగా పాఠాలు చెప్పి. క్లాసులు చెప్పడం ఓడిపోయినవాళ్ల పని అనే మాట ఎవరన్నా పట్టించుకోకు. బ్యాండ్ షోల్లో మాత్రం నీకు ఏమీ నేర్పనివి, అర్ధరాత్రి ఇంటికి చేర్చి మర్నాడు పొద్దున్న ప్రాక్టీస్ చెడగొట్టేవి ఉంటాయి, ముందు వాటికి వద్దని చెప్పడం మొదలుపెట్టు. గంట ప్రోగ్రాం చేసిన చోట్లలో కొన్ని మళ్లీ రమ్మని అడిగి, ఆ వచ్చేదీ క్లాసుల మీద వచ్చేదీ కలిపితే ఇల్లు గడుస్తుందని లెక్క తేలినప్పుడు బ్యాండ్ వాళ్లకి చెప్పు, మధ్యలో వదిలేసి కాకుండా ఇంకో మనిషిని చూసుకునే టైమ్ ఇచ్చి చెప్పు. సోలోకి వెళ్లాక కూడా పిలిచేది ఆ బ్యాండ్ వాళ్లూ సింగర్సే, మొదటి అవకాశాలు ఎక్కువ వాళ్ల నోటి నుంచే వస్తాయి.

అమ్మ మాట గురించి. రోజూ పక్కన కూర్చుని స్కేల్స్ విన్న మనిషి, నువ్వు కనిపించాలని ఉంటుంది ఆవిడకి, అది నిన్ను తక్కువ చెయ్యడం కాదు. కానీ వెనక అనే మాట సరైంది కాదని నెమ్మదిగా చెప్పు, సింగర్ ఒక ఊపిరి ఎక్కువ తీసుకుంటే ఆ పాటని పట్టుకుని నిలబెట్టేది నువ్వే. ఆవిణ్ణి వాదించి ఒప్పించాల్సిన పని లేదు, ఈసారి నువ్వు అకంపనీ చేసే షోకి పిలిచి నీ చేతులు కనిపించే వైపు కూర్చోబెట్టు.

మణికట్టు మాత్రం మామూలు కాదు. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశావు, నేనైతే దీనికే అన్నిటికన్నా ముందు కదులుతా. లియాన్ ఫ్లైషర్ అని చాలా గొప్ప పియానిస్ట్, ముప్ఫైల్లో ఉండగా 1960లలో కుడిచేతి వేళ్లు రెండు వాటంతట అవి ముడుచుకుపోవడం మొదలైంది, ఫోకల్ డిస్టోనియా అంటారు, ముప్ఫై ఏళ్ల దాకా రెండు చేతులతో మామూలుగా వాయించలేకపోయాడు, ఎడమచేతికి రాసినవి వాయిస్తూ, పాఠాలు చెప్తూ, ఆర్కెస్ట్రా నడుపుతూ గడిపాడు. లక్షణాలు కనిపించాక ఇంకా గట్టిగా ప్రాక్టీస్ చేసి తగ్గించుకోవాలని చూశానని ఆయనే చెప్పుకున్నాడు. నీది అదే అని కాదు, చాలావరకు ఉన్నట్టుండి గంటలు పెంచడం వల్ల వచ్చే లాగుడే అయ్యుంటుంది, కానీ నొప్పిని ఓర్చుకుని వాయించడం ఎవరు నేర్పినా ఆ మాట వినకు. ఈ వారం గంటలు సగానికి తగ్గించు, ఒకేసారి పాతిక నిమిషాలకి మించి కూర్చోకు, ఆక్టేవ్‌లూ గట్టిగా కొట్టేవీ పూర్తిగా ఆపు, భుజం పైకి లేస్తోందేమో అద్దం పెట్టుకుని చూసుకో. చేతులూ మణికట్టూ చూసే డాక్టర్‌ని కలిసి నువ్వు రోజుకి ఎంతసేపు, ఎలా వాయిస్తావో వివరంగా చెప్పు, వీలైతే వీడియో చూపించు. ఎడమచేతి పని నేను పైన చెప్పింది ఈలోపు కూడా చేసుకోవచ్చు, కుడిచెయ్యి ఒళ్లోనే ఉంటుంది కాబట్టి. డాక్టర్ ఏమన్నారో రాయి, గంటలు ఎలా పెంచాలో అది చూశాక చెప్తా.